పారేసే వస్తువులతో చేసిన బొమ్మరిల్లు నిజమైన ఇల్లులా కనిపించాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండీ. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టడానికి, మీ ఎనిమిదేళ్ళ పాపతో కలిసి, ఇంట్లో పారేసే వస్తువులతోనే ఒక పాతకాలపు పెంకుటిల్లు చేద్దామనుకున్నారు. అగ్గిపెట్టెలు, ఐస్‌క్రీం పుల్లలు, సీసా మూతలు పోగేసి మంచం, బీరువా, వంటసామాను చేశారు కూడా. తీరా అన్నీ ఒకచోట పెడితే స్కూలు ప్రాజెక్టులా ఉంది తప్ప ఇల్లులా లేదు. ఎక్కడ తప్పుతోంది, దేనితో ఏం చేయాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. మీ చేతిపని బాగానే ఉండి ఉంటుంది, కొలతలు తప్పాయి. మూత కనబడగానే "ఇది గిన్నెలా ఉందే" అని గిన్నె చేసి ఉంటారు, అగ్గిపెట్టె చూసి బీరువా చేసి ఉంటారు. మొదట్లో అందరం చేసేది అదే. విడివిడిగా చూస్తే ముద్దుగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టేసరికి గిన్నె గంగాళమంత, బీరువా పీటంత అవుతాయి. ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్ళ కన్ను ఇట్టే పట్టేస్తుంది. అందుకని పనిని తిరగేయండి. ముందు అసలు వస్తువును టేపుతో కొలవండి, 12తో భాగించండి, ఆ కొలత కాగితం మీద రాసుకుని అప్పుడు పాతసామాన్ల డబ్బాలో చెయ్యి పెట్టండి. జిగురు, రంగు, నగిషీ అన్నీ దీని తర్వాతే.

మాది గోదావరి జిల్లా. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి సంక్రాంతికీ కొలువులోకి ఇలాంటిది ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. మా అమ్మమ్మగారి మండువా లోగిలిని, అంటే నడుమ పైకప్పు లేని ఖాళీ ఉన్న ఇంటిని, అచ్చంగా చేయాలని మొదలుపెట్టి, మూడుసార్లు కట్టి, రెండుసార్లు విప్పేశాను. కింద రాసినవన్నీ ఆ ఇంటి దగ్గర నేర్చుకున్నవే.

12 ఎందుకంటే, అడుగుకి అంగుళం. లెక్క నోటితోనే అయిపోతుంది. ఏడడుగుల గుమ్మం ఏడంగుళాలు, అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాల బొమ్మ. ప్రపంచంలో బొమ్మరిళ్ళు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేదీ ఇదే లెక్క. లండన్ దగ్గర విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లని ఒకటుంది. 1921-24 మధ్య కట్టారు. ఢిల్లీలో మన రాష్ట్రపతి భవన్‌కి నమూనా గీసిన ఎడ్విన్ లట్యెన్స్‌దే దాని రూపకల్పన. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, దీపాలు వెలుగుతాయి. అదీ 1:12 లోనే కట్టారు.

అయితే ఒక్క సంగతి ముందే చూసుకోండి. మీ ఇంట్లో ఎవరుంటారు? కొలువు కోసం దాచుకున్న కొండపల్లి మనుషులు ఉంటారా, బార్బీ ఉంటుందా? బార్బీ ఎత్తు దాదాపు పదకొండున్నర అంగుళాలు, అంటే 1:6. ఆ బొమ్మే కావాలని పాప పట్టుబడితే నేను చెప్పే ప్రతి కొలతా రెట్టింపు చేసుకోవాలి. కొండపల్లి బొమ్మ నాలుగంగుళాలు ఉంటే లెక్క సుమారు 1:16 అవుతుంది, అప్పుడు 12కి బదులు 16తో భాగించండి. ఇల్లు కట్టాక బొమ్మను వెతుక్కుంటే దొరకదు. బొమ్మ ఎత్తును బట్టే ఇల్లు కట్టుకోవాలి.

ఇంకో మాట, ఏటికొప్పాక లక్కపిడతలు ఉంటే వాటిని ఈ ఇంట్లో పెట్టకండి. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క పూసిన ఆ పిడతల అందానికి సాటి లేదు. కానీ అవి పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకోవడానికి, చిన్న అరచేతికి సరిపోయేలా చేసినవి. మీ ఇంటి పొయ్యి మీద పెడితే పొయ్యి మాయమైపోతుంది. వాటికి కొలువులో వేరే మెట్టు ఇవ్వండి.

ఇక ఏది ఎంత అవుతుందో. నా పనిబల్ల పైన గోడకి ఒక చిట్టా అంటించి ఉంటుంది. అందులోంచి మీకు పనికొచ్చేవి చెప్తాను.

2011-18 మధ్య అచ్చయిన రూపాయి బిళ్ళ అడ్డం కొలత 22 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 12 రెట్లు చేస్తే 26 సెంటీమీటర్లు, అంటే అన్నం తినే కంచం. కాబట్టి ఆ రూపాయి బిళ్ళ ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి, అదే మీ కంచం అచ్చు. నీళ్ళ సీసా ప్లాస్టిక్ మూత మూడు సెంటీమీటర్లు, అంటే 36 సెంటీమీటర్ల వెడల్పు. దాంతో గిన్నె చేస్తే తప్పు. పెళ్ళివంటల గుండిగకో, దొడ్లో నీళ్ళ తొట్టికో సరిపోతుంది. టూత్‌పేస్టు మూత రెండు సెంటీమీటర్ల ఎత్తుంటే బకెట్. ఐస్‌క్రీం పుల్ల సెంటీమీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం. అంటే నాలుగున్నర అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క. తలుపు చెక్కలకు, ఊయల బల్లకు, అటక పలకలకు ఇంతకంటే మంచిది దొరకదు. అగ్గిపుల్ల రెండు మిల్లీమీటర్లు, కాబట్టి తలుపు మీద బద్దీ అవుతుంది. కిటికీ ఊచకు మాత్రం లావు. ఊచలకి అగరుబత్తి వెలిగాక మిగిలే వెదురు పుల్ల సరిగ్గా సరిపోతుంది. నలుపు వేస్తే ఇనుమే అనుకుంటారు.

అగ్గిపెట్టె ఒక్కటీ రెండంగుళాలు ఉంటుంది, అంటే రెండడుగులు. ఒక్కదాన్ని బీరువా అనలేం. నాలుగు పేర్చి, చుట్టూ పాత శుభలేఖ అట్ట అతికిస్తే సొరుగుల బల్ల అవుతుంది. శుభలేఖలు పారేయకండి. అట్ట గట్టిగా, నున్నగా ఉంటుంది, చాకుతో కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది. దాని మీది బంగారు అచ్చు దేవుడి పటాల చట్రాలకు పనికొస్తుంది.

పోపులడబ్బా కూడా మీకు అక్కరకొస్తుంది. ధనియం గింజకు పసుపు రంగు వేస్తే నిమ్మకాయ. మిరియం అయిదు మిల్లీమీటర్లు ఉంటే ఆరు సెంటీమీటర్ల ఉల్లిపాయ. గులాబీ ఎరుపు వేసి, పైన చిన్న దారపు ముక్క అతికిస్తే చాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బిందె. పాత రోల్-ఆన్ సీసా మూతి దగ్గర ఒక బంతి ఉంటుంది, అంగుళం నుంచి అంగుళంపావు దాకా. ఖాళీ అయ్యాక ఆ బంతిని ఊడదీసి బాగా కడిగి, అడుగు భాగం ఎమెరీ కాగితం మీద రుద్ది చదును చేయండి. పైన చొక్కా గుండీ ఒకటి అతికించి మూతి అంచు చేయండి. ముందు ముదురు గోధుమ రంగు వేసి, ఆరాక బంగారు రంగును దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో పైపైన అద్దండి. పల్లాల్లో ముదురు రంగు నిలుస్తుంది, ఉబ్బు మీద మెరుపు వస్తుంది. చింతపండుతో తోమి రెండు రోజులైన ఇత్తడి బిందెలా ఉంటుంది. నేరుగా బంగారు రంగు వేసేస్తే బహుమతి కప్పులా తయారవుతుంది.

కంచాలకి కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా కోసి, రేకును మెత్తని గుడ్డ మీద పెట్టి, రూపాయి బిళ్ళ చుట్టూ గీసి, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కత్తిరించండి. బిళ్ళను మధ్యలో పెట్టి అంచులు బొటనగోటితో పైకి నొక్కితే కంచం తేలుతుంది. ఆ రేకు అంచు బ్లేడులా కోస్తుంది. ఇది పెద్దవాళ్ళ పని, పాపకి ఇవ్వకండి.

పెంకులు. పెంకుటిల్లు అన్నారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఇంటికి ప్రాణం కప్పే. పార్సిల్ అట్టపెట్టె గోడ లోపల అలలు అలలుగా ఉండే పొర చూసే ఉంటారు. ఆ అల వెడల్పు ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. 12 రెట్లు చేయండి, ఏడు నుంచి పది సెంటీమీటర్లు. గూనపెంకుల వరసకు కావలసింది సరిగ్గా అదే.

తడిగుడ్డతో అట్ట పైకాగితాన్ని తుడిచి రెండు మూడు నిమిషాలు ఆగితే అది ఒలిచేయడానికి వస్తుంది. లోపలి అలలు బయటపడతాయి. పూర్తిగా ఆరనిచ్చి, అలలకు అడ్డంగా ముప్పావు అంగుళం వెడల్పు పట్టీలుగా కోయండి. ఇక్కడే చాలామంది పట్టీలు కోయకుండా అట్ట మొత్తాన్ని ఒకే ముక్కగా కప్పేస్తారు. అప్పుడది పెంకుటిల్లు కాదు, రేకుల షెడ్డు. పట్టీలను చూరు దగ్గర మొదలుపెట్టి పైకి అతికించుకుంటూ రండి. ప్రతి పట్టీ కింది పట్టీ మీద పావు వంతు ఎక్కాలి, అల మీద అల సరిగ్గా కూర్చోవాలి. హార్డ్‌వేర్ షాపులో గచ్చుకు వేసే ఎర్ర ఆక్సైడ్ పొడి కాస్త తెచ్చుకుంటే రెండిళ్ళకొస్తుంది. తెల్ల జిగురు, నీళ్ళు కలిపి పూయండి. ఆరాక అక్కడొకటి ఇక్కడొకటి పెంకులకు కాస్త నలుపు, చూరు అంచున పాచి రంగు తాకించండి. మా వైపు రెండు వానాకాలాలు చూసిన ఏ కప్పూ ఎర్రగా ఉండదు, సగం నల్లబడి ఉంటుంది. ఆ నలుపు వేసిన రోజున మా అమ్మ వచ్చి చూసి, "ఈశాన్యం మూల పెంకు జారి ఉండేది, అది పెట్టలేదేం" అంది. ఒక పట్టీలో చిన్న ముక్క విరిచి జార్చాను. ఆ ఇంటి పెరట్లో పెరిగిన మనిషి ఆ మూల దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

మండువా చేసేటట్టయితే నాలుగు కప్పులూ లోపలికి, మధ్య ఖాళీ వైపుకి వాలాలి. వాననీళ్ళు మండువాలోనే కదా పడేవి. స్తంభాలకి అయిపోయిన స్కెచ్‌పెన్నుల గొట్టాలు వాడండి. సెంటీమీటరు పైన ఉంటాయి, అయిదంగుళాల స్తంభానికి సరి.

నులకమంచం. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళంన్నర ఎత్తు. కోళ్ళకి పెన్సిల్ ముక్కలు. పెన్సిల్ లావు ఏడు మిల్లీమీటర్లు కాబట్టి అసలు లెక్కలో మూడంగుళాల లావు కోడు అవుతుంది. రంగంతా గీకేసి టీ డికాషన్ పూయండి. పట్టెలకు కుల్ఫీ పుల్లలు. కోళ్ళకు గిర్మిట్‌తో (చేత్తో తిప్పే బెజ్జాల పనిముట్టుతో) కన్నాలు పెట్టేటప్పుడు పొడుగు పట్టె కన్నం, అడ్డపట్టె కన్నం ఒకే ఎత్తున పెట్టకండి, లోపల రెండూ గుద్దుకుని ఏదీ గట్టిగా దిగదు. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు కిందికి పెట్టండి. అసలు మంచం చూసినా వడ్రంగి అలాగే పెట్టి ఉంటాడు.

నులకకి జనపనార పురి వాడాలని అందరికీ అనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్ల పురి ఈ లెక్కలో పడవని కట్టే మోకు. మిఠాయి కొట్లో పొట్లాలు కట్టే సన్న నూలుదారం తీసుకోండి, టీ నీళ్ళలో నానబెట్టి ఆరేసి, కొవ్వొత్తి మీదుగా ఒకసారి లాగండి. నూగు అణిగిపోతుంది. ముందు అడ్డంగా దగ్గర దగ్గరగా చుట్టి, తర్వాత మొద్దు సూదితో పొడుగునా రెండు పైన, రెండు కింద చొప్పున అల్లండి. కాళ్ళవైపు ముప్పావు అంగుళం ఖాళీ వదిలి, అక్కడ విడిగా బిగింపు తాడు వేయండి. ఆ ఖాళీ లేకపోతే అది నులకమంచం అని ఎవరూ అనరు. చివరగా నీళ్ళు చిలకరించి, మధ్యలో బొటనవేలితో కాస్త కుంగేలా నొక్కి ఆరనివ్వండి.

గుడ్డల విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే, బట్టను చిన్నగా కత్తిరించినంత మాత్రాన దాని మందం చిన్నదవ్వదు. అయిదున్నర మీటర్ల చీర 46 సెంటీమీటర్లు అవుతుంది. అది పట్టుగుడ్డతో చేస్తే బొమ్మకు దుప్పటి కప్పినట్టుంటుంది. బాగా ఉతికి ఉతికి పలచబడ్డ పంచె, చేతిరుమాలు మంచివి. పువ్వులున్న గుడ్డ వద్దు. మీ చీర మీద అంగుళం పువ్వు బొమ్మకు అడుగు పువ్వు.

జిగుర్లు. కాగితం, చెక్క, గుడ్డ అన్నిటికీ ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే. నునుపు ప్లాస్టిక్‌ని మాత్రం అది పట్టుకోదు, ముందు ఎమెరీతో గరుకు చేయాలి. క్షణాల్లో అంటుకునే క్విక్ జిగురు రెండు చుక్కలకు మించి వాడకండి, నూలుగుడ్డకి, దూదికి అసలు తగలనివ్వకండి. నూలుతో కలిసిందంటే ఒక్కసారిగా వేడెక్కి పొగొస్తుంది, చెయ్యి కాలుతుంది. ఓసారి పరుపులో దూది కూరి ఆ జిగురుతో మూసి వేళ్ళు బొబ్బలెక్కించుకున్నాను. అద్దంలాంటి ప్లాస్టిక్ మీద అది తెల్లగా పొగ పట్టిస్తుంది కూడా. థర్మాకోల్‌కి తెల్ల జిగురు తప్ప ఘాటు వాసన వచ్చే ఏ జిగురూ, ఏ స్ప్రే రంగూ వద్దు, కరిగి గుంటలు పడుతుంది.

అట్ట గోడలు వంకరపోతున్నాయని మీరు రాయలేదు గాని, పోతాయి. ఒకవైపే జిగురు రాసి కాగితం అంటిస్తే ఆరేటప్పుడు అటు లాగుతుంది. రెండోవైపు కూడా కాగితం అంటించి, పాత పుస్తకాల కింద రాత్రంతా బరువు పెట్టండి.

రోలు, తిరగలి, జాడీలు, పొయ్యి లాంటి గుండ్రని వాటికి నేను వాడేది పాత పద్ధతే. చాటలకీ బుట్టలకీ మెంతులు, కాగితం నానేసి రుబ్బి అలికేవారు గుర్తుందా? అదే. న్యూస్‌పేపరు ముక్కలు రెండు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో మెత్తగా రుబ్బి, గట్టిగా పిండి, కాస్త తెల్ల జిగురు కలపండి. వేళ్ళతో ఏ ఆకారం కావాలంటే అది వస్తుంది. కొండపల్లి వాళ్ళు తెల్లపొనికి కర్ర బొమ్మలకు చేతులు, కాళ్ళు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. అదీ ఇలాంటిదే, గింజ పొడిలోని జిగురే బలం. మెంతి గుజ్జు ఆరడానికి నాలుగు రోజులు పడుతుంది, తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది. నీడలో ఉంచండి. మెంతుల చేదు వల్ల పురుగు దగ్గరికి రాదన్నది నా అనుభవం.

పురుగంటే గుర్తొచ్చింది. ఈ ఇల్లు కొలువులో ఉండేది నాలుగు రోజులు, మిగతా ఏడాదంతా అటక మీద పెట్టెలో. పాడయ్యేది అక్కడే. నా మొదటి ఇంట్లో గాదెలో నిజం బియ్యం పోశాను, గోడలకి మైదా జిగురు వాడాను. మరుసటి భోగినాడు పెట్టె తెరిస్తే గాదెనిండా పురుగు, గోడ కాగితం బొద్దింకలు కొరికేసి అట్ట బయటపడింది. ఏడుపొచ్చింది. అప్పట్నుంచి తినే వస్తువేదీ రంగుగానీ వార్నిష్‌గానీ వేయకుండా లోపల పెట్టను. మైదా జిగురు వాడక తప్పకపోతే పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు కలిపినట్టు చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతాను. కానీ అది విషం, పాప చెయ్యి పెట్టే గిన్నెలో అసలు వద్దు. కలరా ఉండలు వేయకండి, థర్మాకోల్‌నీ కొన్ని ప్లాస్టిక్‌లనీ మెత్తబరిచి పాడుచేస్తాయి. ఎండిన వేపాకు, బూట్లపెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు చాలు.

దీపాల గురించి. చిన్న ఎల్ఈడీ దండలు అందంగానే ఉంటాయి, కానీ బిళ్ళ బ్యాటరీతో నడిచేవి కొనకండి. పేరంటానికి వచ్చేవాళ్ళతో చంటిపిల్లలూ వస్తారు, ఆ బిళ్ళ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మామూలు పెన్సిల్ సెల్‌లు పట్టే పెట్టె ఉన్నది చూసి, మరమేకుతో మూత బిగించి, కొలువు మెట్ల వెనక పెట్టండి. మిరియాలు, గుండీలు కూడా చంటివాళ్ళ నోట్లోకి పోయేవే కాబట్టి ఇంటిని పై మెట్టు మీద ఉంచండి.

పాపకి ఏం ఇవ్వాలి అంటారా? వాకిట్లో ముగ్గు తనదే. అసలు ముగ్గు గీత సెంటీమీటరు ఉంటుంది, ఇక్కడ మిల్లీమీటరు కూడా ఉండకూడదు. తెల్ల జెల్ పెన్ను ఇవ్వండి, మనకంటే బాగా వేస్తుంది. గడపకి పసుపు, బొట్లు, కూరగాయలకు రంగులు, పూలదండలు కూడా. టేపు పట్టుకుని ఇంట్లో వస్తువులు కొలిచి, 12తో భాగించి రాసే పని కూడా తనకే అప్పజెప్పండి. మా మేనకోడలు ఆ వయసులో గ్యాస్ సిలిండర్ దగ్గర్నుంచి దేవుడి గంట దాకా కొలిచి పెట్టిన నోటుపుస్తకం నేను ఇప్పటికీ వాడుతున్నాను.

ఇల్లంతా ఒకేసారి ఎత్తుకోకండి. సంక్రాంతికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ముందు కాస్త పెద్ద బూట్లపెట్టెను పక్కకి పడుకోబెట్టి, ఒక్క వంటింటి మూల చేయండి. పొయ్యి, దాని వెనక గోడ మీద పొగ మసి, రెండు బిందెలు, ఒక ఉట్టి, పీట, కంచం. పెట్టె పన్నెండంగుళాలు ఉంటే పన్నెండడుగుల గది, లెక్క సరిపోతుంది. మసికి కాటుక వేలితో రుద్దండి, రంగు కంటే బాగా కుదురుతుంది. ఆ మూల కుదిరితే చావడి, మండువా, వీధి అరుగు ఒక్కొక్కటిగా దానికి కలుపుకుంటూ పోవచ్చు.

మీ దగ్గరున్న బొమ్మ ఎత్తు ఎంతో రాయండి. అది తెలిస్తే గుమ్మం, మంచం, పొయ్యి కొలతలు నేనే లెక్కగట్టి పంపుతాను.